సీనియారిటీ గొడవతో కూలిన సామ్రాజ్యం: పోర్చుగల్, 1974

మా ఇంట్లో చిన్నప్పుడు రాత్రి భోజనాల దగ్గర ఎక్కువగా వినపడిన మాట "సీనియారిటీ లిస్టు". నాన్నది గవర్నమెంటు ఉద్యోగం. డైరెక్ట్ రిక్రూట్లు ముందా ప్రమోటీలు ముందా అన్న పేచీ ఆయన సర్వీసులో సగం కాలం నడిచి, కోర్టుకెక్కి, ఆయన రిటైరయ్యాక కూడా తెగలేదు. డీఏ ఆలస్యమైనా, ఏ మూలకి ట్రాన్స్‌ఫర్ చేసినా నోరెత్తని మనుషులు, తమ తర్వాత చేరినవాడి పేరు లిస్టులో తమ పైకి వచ్చిందని తెలిసేసరికి ఎలా ఊగిపోయేవాళ్ళో నేను కళ్ళారా చూశాను. అందుకేనేమో, 1974లో పోర్చుగల్‌లో వచ్చిన విప్లవం గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు, తుపాకుల్లో పువ్వుల కన్నా ముందు నా కన్ను ఒక జీవో మీద పడింది. 1973 జూలై 13న వచ్చిన 353/73 నంబరు డిక్రీ అది. సైన్యంలో కెప్టెన్ల సీనియారిటీ ఎలా లెక్కపెట్టాలో చెప్పే కాగితం. ఐరోపాలో అన్నిటికన్నా పాత వలస సామ్రాజ్యం కూలడానికి దారి అక్కడే తెరుచుకుంది.

ఈ కథ సాధారణంగా ఎలా చెబుతారంటే, 1974 ఏప్రిల్ 25 తెల్లవారుజామున యువ సైనికాధికారులు తిరగబడ్డారు, సాయంత్రానికల్లా 48 ఏళ్ళ నియంతృత్వం పోయింది, జనం సైనికుల తుపాకుల్లో ఎర్ర కార్నేషన్ పూలు గుచ్చారు, అందుకని దాన్ని కార్నేషన్ విప్లవం అంటారు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ సైన్యం రోడ్డెక్కితే మామూలుగా ప్రజాస్వామ్యం పోతుంది కదా, రావడమేంటి? మన ఇరుగుపొరుగు దేశాల్లో ఎన్నిసార్లు చూడలేదూ. అంతెందుకు, దీనికి ఏడెనిమిది నెలల ముందే, 1973 సెప్టెంబరులో, చిలీలో సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూల్చేసింది. మరి పోర్చుగల్‌లో కథ ఎందుకు తలకిందులుగా నడిచింది? సైనికులు మంచివాళ్ళు, పువ్వులంటే ఇష్టం అని సరిపెట్టుకుంటే ఏమీ అర్థం కాదు. కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1926లో ఒక సైనిక తిరుగుబాటుతోనే ఆ దేశంలో నియంతృత్వం మొదలైంది. రెండేళ్ళ తర్వాత ఖజానా ఖాళీ అయిపోయి, కోయింబ్రా విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం చెప్పే ఆంతోనియో సలాజార్ అనే ప్రొఫెసర్ని ఆర్థికమంత్రిగా తెచ్చుకున్నారు. ఆయన 1932లో ప్రధాని అయ్యాడు. 1968 దాకా దిగలేదు. హిట్లర్ లాగా బాల్కనీల నుంచి అరిచే రకం కాదు, పొదుపు, దైవభక్తి, సెన్సారు, రహస్య పోలీసులు, ఇవన్నీ కలిపి దేశాన్ని ఒక కట్టుదిట్టమైన హాస్టల్‌లా నడిపాడు. సిగరెట్ లైటర్ జేబులో పెట్టుకుని తిరగాలంటే లైసెన్సు కావాలి. కోకాకోలా దేశంలోకి రావడానికి వీల్లేదు, 1977 దాకా రాలేదు కూడా. పెళ్ళైన ఆడవాళ్ళు విదేశాలకు వెళ్ళాలంటే భర్త అనుమతి కావాలి, ఈ రూలు 1969 దాకా ఉంది. 1970 నాటికి కూడా జనంలో దాదాపు నాలుగో వంతుకు చదవడం రాయడం రాదు. ఇంత జరుగుతున్నా ఆ దేశం నాటో స్థాపక సభ్యురాలు, అమెరికాకి దగ్గర, కాబట్టి ప్రజాస్వామ్యం గురించి లెక్చర్లు దంచే దేశాలేవీ అటువైపు పెద్దగా చూడలేదు.

1968లో సలాజార్ కుర్చీలోంచి కిందపడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు, తర్వాత మెదడులో రక్తస్రావమై మంచాన పడ్డాడు, మార్సెలో కయితానో అనే ఇంకో ప్రొఫెసర్‌ని ప్రధానిని చేశారు. పాత ప్రధానికి ఆ సంగతి చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది. 1970లో చనిపోయేదాకా తానే దేశాన్ని ఏలుతున్నాననే భ్రమలో ఆయన్ని ఉంచారని చెబుతారు. కయితానో కొంచెం మెతక మనిషి, రహస్య పోలీసు శాఖ పేరు మార్చాడు (పీడె కాస్తా డీజీఎస్ అయింది, జనం మాత్రం పీడె అనే పిలిచారు), అక్కడక్కడా కిటికీలు కాస్త తెరిచాడు. ఒక్క విషయంలో మాత్రం సలాజార్ గీసిన గీత దాటలేకపోయాడు. అది ఆఫ్రికా.

పోర్చుగల్ విస్తీర్ణం సుమారు 92 వేల చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ కంటే చిన్నది. జనాభా అప్పటికి 90 లక్షల లోపు. ఈ దేశం చేతిలో తనకంటే పదమూడు రెట్లు పెద్దదైన అంగోలా, మొజాంబిక్, గినీ-బిస్సావ్ ఉన్నాయి. బ్రిటన్, ఫ్రాన్స్ తమ వలసలు వదిలేసి వెళ్ళిపోతున్న రోజుల్లో వీళ్ళు మాత్రం "మాకు వలసలే లేవు, అవి సముద్రం అవతల ఉన్న మా జిల్లాలు" అని వాదించారు. 1961లో అంగోలాలో, 1963లో గినీ-బిస్సావ్‌లో, 1964లో మొజాంబిక్‌లో గెరిల్లా యుద్ధాలు మొదలయ్యాయి. మూడు చోట్లా ఒకేసారి, పదేళ్ళకు పైగా. బడ్జెట్‌లో మూడో వంతు పైగా వాటికే పోయేది. ప్రతి మగపిల్లాడూ సైన్యంలో నాలుగేళ్ళ దాకా పనిచేయాలి, అందులో రెండేళ్ళు ఆఫ్రికాలో. ఎనిమిది వేల మందికి పైగా పోర్చుగీసు సైనికులు చనిపోయారు. అటువైపు చనిపోయిన ఆఫ్రికన్ల లెక్క సరిగా రాసినవాళ్ళే లేరు. అప్పటికే ఇంట్లో దరిద్రం, దానికి తోడు ఈ సైన్యం భయం, దాంతో పది లక్షల మందికి పైగా దేశం వదిలిపోయారు, చాలామంది రాత్రిపూట స్పెయిన్ కొండలు దాటి దొంగతనంగా ఫ్రాన్స్‌కి. ఊళ్ళలో ముసలివాళ్ళు, ఆడవాళ్ళు మిగిలారు.

ఇక్కడ మనకు సంబంధించిన ముక్క ఒకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకుంటే మిగతాది తికమకగా ఉంటుంది. గోవా. 1961 డిసెంబరులో భారత సైన్యం గోవాలోకి వెళ్ళేముందు, అక్కడి గవర్నర్ జనరల్ వసాలో ఇ సిల్వాకు సలాజార్ పంపిన సందేశం సారాంశం ఏమిటంటే, మన సైనికులు గెలిచి ఉండాలి లేదా చచ్చి ఉండాలి, లొంగిపోవడం అనేది మాత్రం ఉండకూడదు. అతని దగ్గర ఉన్నది మూడు నాలుగు వేల మంది, యుద్ధ విమానాలు లేవు, మందుగుండు సరిగా లేదు. డిసెంబరు 19న లొంగిపోయాడు. ఎంతోమంది కుర్రాళ్ళ ప్రాణాలు దక్కాయి, పణజీలో పాత బంగళాలూ చర్చిలూ నిలబడ్డాయి (ఇవాళ మనవాళ్ళు ట్రిప్పుకెళ్ళి వాటి ముందే ఫొటోలు దిగుతారు). కొన్ని నెలలు ఖైదులో ఉండి సొంతదేశానికి తిరిగి వెళ్ళిన సైనికులను అక్కడ పిరికిపందల్లా చూశారు. వసాలో ఇ సిల్వాను సైన్యంలోంచే బహిష్కరించారు.

అధికారుల మెస్సుల్లో ఈ కథను ఎవరూ మర్చిపోలేదు. వాళ్ళు నేర్చుకున్నది ఒకటే, రాజకీయ నాయకుడు గెలవలేని యుద్ధంలోకి మనల్ని తోస్తాడు, ఓడిపోయాక నింద మన నెత్తిన వేస్తాడు. 1973 నాటికి గినీ-బిస్సావ్ సరిగ్గా అలాంటి చోటు అయింది. అక్కడ విమోచన పోరాటం చేస్తున్న పీఏఐజీసీ అనే సంస్థ నాయకుడు అమిల్కార్ కబ్రాల్‌ను ఆ ఏడాది జనవరిలో హత్య చేశారు, దాంతో పోరాటం ఆగలేదు సరికదా, రెండు నెలలకు వాళ్ళకి సోవియట్ స్ట్రేలా క్షిపణులు అందాయి, భుజం మీద పెట్టి విమానాన్ని కూల్చేసే రకం. అప్పటిదాకా ఆకాశం పోర్చుగీసు వాళ్ళది, ఇక కాదు. సెప్టెంబరు 24న పీఏఐజీసీ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది, డజన్ల కొద్దీ దేశాలు గుర్తించాయి కూడా. గినీలో గవర్నరుగా చేసిన జనరల్ స్పినోలా అంతకుముందే, చర్చలు జరపనివ్వండి అని కయితానోను అడిగితే, ఆయన ఇచ్చిన జవాబు ఏమిటంటే, తిరుగుబాటుదారులతో ఒప్పందం చేసుకోవడం కన్నా గౌరవంగా ఓడిపోవడమే నయమని. "గౌరవంగా ఓడిపోవడం" అంటే ఎవరు చావాలో కెప్టెన్లకు బాగా తెలుసు.

సరిగ్గా అప్పుడు వచ్చింది ఆ జీవో.

సంగతేంటంటే, సైన్యానికి కెప్టెన్లు చాలడం లేదు. ఆఫ్రికాలో అడవిలో కంపెనీని నడిపించేది కెప్టెనే, కల్నలూ జనరలూ కాదు. సైనిక అకాడమీలో చేరడానికి కుర్రాళ్ళు ముందుకు రావడం లేదు, సీట్లు మిగిలిపోతున్నాయి. ఉన్నవాళ్ళు రెండేళ్ళ చొప్పున రెండో టూరు, మూడో టూరు వెళ్ళొస్తున్నారు, పెళ్ళాం బిడ్డల మొహం చూసేది మధ్యలో దొరికిన కాస్త విరామంలో. అందుకని ప్రభుత్వం ఒక ఉపాయం చేసింది. నిర్బంధ సేవలో వచ్చి అధికారులైన కాలేజీ కుర్రాళ్ళను "మిలిసియానో"లు అనేవారు, మన భాషలో టెంపరరీ కేడర్ అనుకోండి. వాళ్ళు రెండు సెమిస్టర్ల షార్ట్ కోర్సు చేస్తే పర్మినెంట్ కేడర్‌లోకి తీసుకుంటాం, పాత సర్వీసు కూడా సీనియారిటీలో కలుపుతాం అన్నారు. ఫలితం? అకాడమీలో నాలుగేళ్ళు చదివి, మూడుసార్లు ఆఫ్రికా వెళ్ళొచ్చిన కెప్టెన్ కంటే నిన్నటి టెంపరరీ వాడు ముందుకొచ్చి మేజర్ అయిపోతాడు.

ఇంకేముంది. సెప్టెంబరు 9న ఎవొరా పట్టణం దగ్గర ఒక పొలంలో 130 మందికి పైగా అధికారులు రహస్యంగా కలిశారు. విప్లవం కోసం కాదు, అర్జీ పెట్టుకోవడం కోసం. అప్పటికే డిక్రీని ఓసారి సవరించిన ప్రభుత్వం కంగారుపడి, తర్వాత దాన్ని పక్కన పెట్టేసింది. మామూలుగా అయితే కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ అన్ని యూనిట్ల నుంచి ఇన్ని వందల మంది ఒకచోట చేరి మాట్లాడుకోవడం అలవాటయ్యాక, మాట సీనియారిటీ దగ్గరే ఎందుకు ఆగుతుంది? అసలు ఇంతమంది కెప్టెన్లు ఎందుకు కావాలి? యుద్ధం వల్ల. యుద్ధం ఎందుకు ఆగదు? ఈ ప్రభుత్వం ఆపదు కాబట్టి. మరి ప్రభుత్వాన్ని ఏం చేద్దాం? ఈ మూడు ప్రశ్నలూ దాటడానికి వాళ్ళకి ఆరు నెలలు పట్టింది. అర్జీకి వచ్చినవాళ్ళందరూ చివరిదాకా రాలేదు, కొందరు ప్రమోషన్ సంగతి తేలగానే తప్పుకున్నారు కూడా. అలాంటివాళ్ళు ఏ సంఘంలోనైనా ఉంటారు.

1974 వచ్చేసరికి రంగం సిద్ధంగా ఉంది. ఫిబ్రవరి 22న స్పినోలా ఒక పుస్తకం అచ్చేయించాడు, యుద్ధంతో గెలవలేం, వలసలతో కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడదాం అని. ఒక కంటికి మోనోకిల్ (ఒంటి కళ్ళద్దం), చేతులకు గ్లవ్స్, పాతకాలం అశ్వికదళం దర్జా, ఇలాంటి మనిషి, అదీ సైన్యంలో రెండో స్థానంలో ఉన్నవాడు, ఇలా రాస్తే ఇక దాచేదేముంది. ఒక్క రాత్రిలో ఆ పుస్తకం చదివి మూసేసరికి తిరుగుబాటు తప్పదని తనకు అర్థమైపోయిందని కయితానోనే తర్వాత రాసుకున్నాడు. మార్చి 14న ఆయన జనరల్స్ అందరినీ పిలిపించి విధేయత ప్రకటింపజేశాడు, ఆ ముసలి జనరల్స్ గుంపుకు జనం "కీళ్ళనొప్పుల దళం" అని పేరు పెట్టారు. స్పినోలా, ఆయన పైవాడు కోస్టా గోమెస్ వెళ్ళలేదు, ఇద్దరి పదవులూ ఊడాయి. మార్చి 16న కాల్దాస్ ద రాయిన్యా నుంచి ఒక రెజిమెంటు తొందరపడి రాజధాని లిస్బన్ మీదకి బయల్దేరి, ఎవరూ తోడు రాక దారిలోంచే వెనక్కి తిరిగింది, దాదాపు 200 మందిని అరెస్టు చేశారు. ప్రభుత్వం గండం గడిచిందనుకుంది. మిగిలిన కెప్టెన్లు ఎక్కడ తప్పు జరిగిందో నోట్ చేసుకున్నారు. ఒతేలో కర్వాల్యో అనే మేజర్ కూర్చుని ఈసారి పకడ్బందీగా ప్లాన్ రాశాడు.

సిగ్నల్ ఎలా ఇవ్వాలి? దేశమంతా ఒకేసారి వినాలి, పోలీసులకి అనుమానం రాకూడదు. రేడియోలో పాట. ఏప్రిల్ 24 రాత్రి 10:55కి మొదటి పాట వేశారు, మూడు వారాల లోపే యూరోవిజన్ పాటల పోటీలో పోర్చుగల్ తరఫున వెళ్ళి ఆఖరి స్థానంలో నిలిచిన ప్రేమగీతం (ఆ ఏడాది గెలిచింది ఆబ్బా అనే పాటల బృందం). దాన్ని ఎవడూ అనుమానించడు. అర్ధరాత్రి దాటి 12:20కి రెండోది, జోసె అఫోన్సో పాడిన "గ్రాందోలా". మట్టి రోడ్డు మీద లయగా నడుస్తున్న అడుగుల చప్పుడుతో మొదలవుతుంది. ఆయన పాటలు చాలావాటిని నిషేధించారు, ఇది మాత్రం ఎలాగో తప్పించుకుంది. వేసింది క్యాథలిక్ చర్చి రేడియో కావడం ఇంకో తమాషా.

లిస్బన్‌కి 80 కిలోమీటర్ల దూరంలో సాంతారెం అశ్వికదళ స్కూలు. అక్కడ 29 ఏళ్ళ కెప్టెన్ సల్గేరు మాయా తన కుర్రాళ్ళను నిద్రలేపి మైదానంలో నిలబెట్టి మాట్లాడాడు. రాజ్యాల్లో చాలా రకాలున్నాయి, సోషలిస్టు రాజ్యాలు, పెట్టుబడిదారీ రాజ్యాలు, ఇంకా మనం వచ్చిపడ్డ ఈ స్థితి, దీన్ని ఈ రాత్రి ముగించడానికి వెళ్తున్నాం, రావాలనుకున్నవాళ్ళు బయట వరస కట్టండి, ఇష్టం లేనివాళ్ళు ఉండిపోవచ్చు అన్నాడు (వాళ్ళ భాషలో రాజ్యానికీ స్థితికీ ఒకటే మాట, ఆ చమత్కారం తెలుగులో రాదు). దాదాపు 240 మంది వరస కట్టారు. పాత ట్రక్కులు, పాత సాయుధ వాహనాలు. తెల్లవారుజామున లిస్బన్‌లోకి వచ్చేసరికి ముందున్న వాహనం ఎర్ర లైటు పడిందని ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగిందట. ప్రభుత్వాన్ని కూల్చడానికి పోతూ చలానా పడుతుందని ఆగడం! ఈ కథ అక్కడ అందరూ ఇష్టంగా చెప్పుకుంటారు.

ఆ రోజు మొత్తంలో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే ఘట్టం పువ్వులది కాదు, ఉదయం పది గంటల ప్రాంతంలో నది ఒడ్డున జరిగింది. ప్రభుత్వం వైపు నుంచి ఒక బ్రిగేడియర్ ఎం47 ట్యాంకులతో వచ్చాడు. మాయా దగ్గరున్న డొక్కు వాహనాలు వాటి ముందు నిలబడవు. మాయా చేతిలో తెల్ల రుమాలు పట్టుకుని, జేబులో గ్రెనేడ్ వేసుకుని, ఒక్కడే మాట్లాడదామని నడుచుకుంటూ ముందుకెళ్ళాడు. బ్రిగేడియర్ కాల్చమన్నాడు. అక్కడి యువ అధికారి కాల్చనన్నాడు, అతన్ని అక్కడికక్కడే అరెస్టు చేశారు. బ్రిగేడియర్ ట్యాంకు లోపల గన్ దగ్గర కూర్చున్న కార్పొరల్‌కి నేరుగా ఆర్డరేశాడు, కాల్చు, లేకపోతే నిన్ను కాల్చేస్తా అని. ఆ కుర్రాడు ట్యాంకులోకి దిగి మూత బిగించేసుకున్నాడు. అంతే. అతనెవరో నలభై ఏళ్ళ దాకా బయటి ప్రపంచానికి తెలియలేదు. ఆ గన్ ఒక్కసారి పేలి ఉంటే ఆ రోజును మనం వేరే పేరుతో చెప్పుకునేవాళ్ళం.

కయితానో కార్మో బ్యారక్స్‌లోకి వెళ్ళి దాక్కున్నాడు. మాయా దాన్ని చుట్టుముట్టాడు. పొద్దున్నుంచీ తిరుగుబాటుదారులు రేడియోలో ఒకటే మొత్తుకుంటున్నారు, దయచేసి ఇళ్ళలోంచి బయటికి రాకండి అని. జనం విన్నారా? వేలమంది రోడ్ల మీదకొచ్చేశారు, కార్మో చౌరస్తాలో చెట్లెక్కారు, సైనికులకి రొట్టె, పాలు, సిగరెట్లు తెచ్చిచ్చారు. సైన్యం చేసిన కుట్ర విప్లవమైంది ఇక్కడే. అప్పటిదాకా ఇది ఒక గుంపు అధికారులు ఇంకో గుంపును దింపే వ్యవహారం, ప్లానులో జనానికి పాత్రే లేదు. జనం ట్యాంకుల చుట్టూ నిండిపోయాక ఎవరు ఎవరిని కాలుస్తారు? లోపలున్న కయితానోకు ఇది అర్థమైంది. ఒక కెప్టెన్‌కు లొంగను, అధికారం వీధిలో పడకూడదు, ఎవరైనా జనరల్‌ని పిలవండి అన్నాడు. స్పినోలా వచ్చాడు. రాత్రి ఏడున్నరకి కయితానోను సాయుధ వాహనంలో ఎక్కించి తీసుకెళ్ళారు. తర్వాత మదీరా దీవికి, అక్కణ్ణుంచి బ్రెజిల్‌కి. మళ్ళీ తిరిగి రాలేదు.

పువ్వుల సంగతికి వస్తే, సెలెస్తె కయిరు అనే నలభై ఏళ్ళావిడ ఒక రెస్టారెంట్‌లో పనిచేసేది. ఏప్రిల్ 25 ఆ రెస్టారెంట్ మొదటి వార్షికోత్సవం, కస్టమర్లకు ఇవ్వడానికి కార్నేషన్లు తెప్పించారు. ఊళ్ళో ఏదో జరుగుతోంది ఇవాళ తెరవం, పువ్వులు వాడిపోతాయి పట్టుకెళ్ళండి అని యజమాని పనివాళ్ళకి పంచేశాడు. ఆమె దారిలో సైనికుల్ని చూసి ఏం జరుగుతోందని అడిగింది, ఒకడు సిగరెట్ ఉందా అన్నాడు, ఆమెకి అలవాటు లేదు, చేతిలో ఉన్న పువ్వు ఇచ్చింది, వాడు తుపాకీ గొట్టంలో గుచ్చుకున్నాడు. మిగతావాళ్ళూ అడిగారు. అంతే జరిగింది. ఆమె 2024 నవంబరులో 91 ఏళ్ళ వయసులో పోయింది.

పువ్వుల పేరు పడింది కాబట్టి నెత్తురే చిందలేదనుకుంటారు చాలామంది. ఆ సాయంత్రం రహస్య పోలీసుల కేంద్ర కార్యాలయం ముందు జనం గుమిగూడితే లోపలి నుంచి కాల్పులు జరిపారు. నలుగురు చనిపోయారు, నలభై మందికి పైగా గాయపడ్డారు.

మరి అధికారం చేతికొచ్చాక కెప్టెన్లు దాన్ని ఎందుకు పట్టుకుని కూర్చోలేదు? వాళ్ళు మహాత్ములని కాదు. మొదటి కారణం, వాళ్ళలో చిలీ సైన్యాన్ని నడిపిన పినోషే లాంటి ఒక్క నాయకుడు లేడు, అందరూ ఒకే ర్యాంకువాళ్ళు, ఒకరి మాట ఇంకొకరు వినరు. రెండోది ఇంకా ముఖ్యం, వాళ్ళకి కావలసింది యుద్ధం నుంచి బయటపడటం, బయటపడాలంటే ప్రపంచం ముందు చర్చలకు కూర్చోగల ప్రభుత్వం కావాలి. ఏడాదిలోపు ఎన్నికలు పెడతామని ముందే రాసుకున్నారు, చెప్పినట్టే 1975లో అదే ఏప్రిల్ 25న పెట్టారు, 90 శాతానికి పైగా ఓటేశారు. మూడోది మళ్ళీ జనమే. ఉదాహరణకి కషియాస్ జైలు చూడండి. స్పినోలా రాజకీయ ఖైదీల్లో కొందరినే వదులుదాం, హింసాత్మక కేసులున్నవాళ్ళు ఉండనీ అన్నాడు. లోపలున్నవాళ్ళు అందరం వెళ్తాం లేదా ఎవరం వెళ్ళం అని కూర్చున్నారు, బయట జనం కదల్లేదు, ఏప్రిల్ 26 రాత్రి దాటేలోపు అందరినీ వదలక తప్పలేదు. (గోవా విమోచన పోరాటంలో పట్టుబడిన మోహన్ రనడే 1969 దాకా మగ్గింది ఈ కషియాస్ కోటలోనే.)

స్పినోలా అధ్యక్షుడయ్యాడు. ఇక్కణ్ణుంచి సెప్టెంబరు దాకా చాలా గందరగోళం, పేర్లూ ప్రభుత్వాలూ మారిపోతుంటాయి, చదువుతుంటే తల తిరుగుతుంది. ఒక్క దారం పట్టుకుంటే చాలు: స్పినోలాకి సామ్రాజ్యాన్ని సమాఖ్యగా మార్చి ఎలాగోలా ఉంచుకోవాలని, కెప్టెన్లకి పూర్తిగా వదిలేసి ఇంటికి రావాలని. మిగతా పేచీలన్నీ దీని చుట్టూ తిరిగినవే. ప్రవాసం నుంచి సోషలిస్టు నేత మారియో సోరెస్ రైల్లో, కమ్యూనిస్టు నేత అల్వారో కున్యాల్ విమానంలో వచ్చి దిగారు, మే 1న లిస్బన్ వీధులు కిక్కిరిసిపోయాయి. సమ్మెలు మొదలయ్యాయి. మే 27న దేశ చరిత్రలో మొదటిసారి కనీస వేతనం, నెలకు 3,300 ఎస్కూడోలు. ఆడవాళ్ళకు జడ్జీలు, దౌత్యవేత్తలు అయ్యే వీలు అదే ఏడాది వచ్చింది. మురికివాడల జనం ఖాళీగా ఉన్న ఇళ్ళలోకి దూరిపోయి తాళాలు వేసుకున్నారు. నలభై ఎనిమిదేళ్ళు నోరు మూసుకున్న దేశం ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెడితే అలాగే ఉంటుంది.

అటు ఆఫ్రికాలో సైనికులు అధ్యక్షుడి సిద్ధాంతాల కోసం ఎదురుచూడలేదు. ఏప్రిల్ 26నే బిస్సావ్‌లో అధికారులు గవర్నర్‌ని దింపేశారు. ముగిసిపోతున్న యుద్ధంలో ఆఖరి శవం కావాలని ఎవరికుంటుంది? "ఇక ఒక్క సైనికుణ్ణి కూడా వలసలకు పంపొద్దు" అని లిస్బన్‌లో ఊరేగింపులు. జూలైలో ప్రధాని రాజీనామా చేసి పోయాడు, కెప్టెన్లకు దగ్గరివాడైన వాస్కో గొన్సాల్వెస్ వచ్చాడు. జూలై 27న స్పినోలా టీవీలో వలసలకు స్వాతంత్ర్యం పొందే హక్కు ఉందని చదవాల్సి వచ్చింది, ఇష్టం లేని పేపరు చదివే విద్యార్థిలా. సెప్టెంబరు 7న మొజాంబిక్ పోరాట సంస్థ ఫ్రెలిమోతో లుసాకాలో ఒప్పందం, 10న గినీ-బిస్సావ్‌కు అధికారిక గుర్తింపు. సెప్టెంబరు 28న "మౌన మెజారిటీ" పేరుతో స్పినోలాకు మద్దతుగా పెద్ద ర్యాలీ తలపెట్టారు, దాన్ని ఆపడానికి జనం లిస్బన్ దారుల్లో అడ్డంగా కూర్చుని కార్ల డిక్కీలు తెరిపించి ఆయుధాల కోసం వెతికారు. 30న స్పినోలా రాజీనామా చేశాడు. ఐదు నెలలు కూడా నిండలేదు.

దీని బిల్లు తర్వాతి ఏడాది వచ్చింది, అది చెప్పకపోతే మోసం చేసినట్టే. అంగోలాలో మూడు పోరాట సంస్థలు ఒకదాని మీద ఒకటి పడి, బయటి దేశాలు వేలు పెట్టి, దశాబ్దాల అంతర్యుద్ధమైంది. పోర్చుగల్ వలసే అయిన తూర్పు తైమూర్‌ను 1975 డిసెంబరులో ఇండోనేషియా ఆక్రమించింది. వలసల నుంచి దాదాపు ఐదు లక్షల మంది, ఎక్కువగా తెల్లవాళ్ళు, పెట్టెలు సర్దుకుని పోర్చుగల్‌లో దిగారు, వాళ్ళలో చాలామంది ఆ దేశంలో పుట్టినవాళ్ళు కూడా కాదు. వదిలేయడంలో తొందరపడ్డారని అంటారు. నా దృష్టిలో తప్పు తొందరలో లేదు, పదమూడేళ్ళ ఆలస్యంలో ఉంది. 1961లోనే కూర్చుని మాట్లాడి ఉంటే మెల్లగా వదలడానికి టైముండేది.

అదే 1961 తాలూకు పాత ఫైలు ఒకటి లిస్బన్‌లో ఇంకా తెరిచే ఉంది. గోవా తమ చేతిలోంచి పోయి పదమూడేళ్ళైనా పోర్చుగల్ కాగితాల్లో ఒప్పుకోలేదు, మన దేశంతో దౌత్య సంబంధాలే లేవు. 1974 డిసెంబరు 31న, ఆ ఏడాది ఆఖరి రోజున, మారియో సోరెస్ విదేశాంగ మంత్రిగా ఢిల్లీ వచ్చి మన మంత్రి వై.బి. చవాన్‌తో కలిసి ఒప్పందం మీద సంతకం పెట్టాడు. గోవా, డామన్, డయ్యూ, దాద్రా, నాగర్ హవేలీ ఇండియావే అని, అదీ సంతకం పెట్టిన రోజు నుంచి కాదు, అవి మన రాజ్యాంగం కింద భారత్‌లో కలిసిన తేదీల నుంచీ అని అందులో రాసుకున్నారు. పాత తేదీ నుంచి అమల్లోకి వచ్చే ఉత్తర్వు అన్నమాట, సర్వీసు మేటర్లు తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు.

వసాలో ఇ సిల్వా ర్యాంకు కూడా పాలన మారాకే తిరిగొచ్చింది. ఆయన తర్వాత ఒకసారి గోవా చూడ్డానికి వచ్చాడు, అక్కడివాళ్ళు ఆయన్ని బాగా ఆదరించారు.